ట్యాంకు బయట నిలబడే పని

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఊళ్లో అడిగినా విదేశాల్లో ఉన్న పిల్లల పని గురించి మూడు నాలుగు మాటల్లో చెప్పేస్తారు: వెల్డర్, ఫిట్టర్, రిగ్గర్ (బరువులు ఎత్తించేవాడు), స్కఫోల్డర్ (పరంజా కట్టేవాడు). కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస మండలాల నుంచి గల్ఫ్‌కూ సింగపూర్‌కూ వెళ్లినవాళ్లలో చాలామంది చమురు శుద్ధి కర్మాగారాల్లోనో ఓడల యార్డుల్లోనో ఈ పనులే చేస్తారు. "మా వాడు వాచ్ పనిలో ఉన్నాడు" అని పదిమందిలో చెప్పిన తల్లి మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. ట్యాంకు బయటో వెల్డింగ్ దగ్గరో నిలబడి ప్రమాదం రాకుండా కనిపెట్టుకుని ఉండే పని అది. కొడుకు నిజంగా ఆ పనిలోనే ఉన్నా హెల్పర్ అనే చెబుతుంది.

ఆమెను తప్పుపట్టలేను. వాచ్ అంటే మా వైపు చేతి గడియారం, లేకపోతే వాచ్‌మన్. మా జిల్లా నుంచి విశాఖపట్నం, హైదరాబాద్ వెళ్లి, అపార్ట్‌మెంటు కింద ఒక్క గదిలో కాపురం పెట్టి, గేటు తీస్తూ మోటారు వేస్తూ కార్లు కడుగుతూ పిల్లల్ని చదివించుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఊళ్లో చూస్తే, వేసవిలో జీడిపిక్కలు రాలే రోజుల్లో తోట కావలి ముసలివాళ్లకు అప్పగిస్తారు. వయసులో ఉన్నవాడు చేయాల్సిన పని కాదది అనే లెక్క చిన్నప్పుడే మనసులో పడిపోతుంది. ఆ లెక్కతోనే గల్ఫ్‌లో దిగిన కుర్రవాడికి సూపర్‌వైజర్ ఒక జాకెట్ ఇచ్చి, "ఈ రోజు నువ్వు హోల్ వాచ్" అంటే ముఖం వాడిపోతుంది. అప్పుచేసి ఇంత దూరం వచ్చింది ఊరికే నిలబడటానికా అనుకుంటాడు.

నేను పైపుల వెల్డర్‌ని, ఖతార్‌లో ఉంటున్నాను. మరమ్మతుల కోసం కర్మాగారం ఆపే షట్‌డౌన్ రోజుల్లో ట్యాంకుల్లో, వెసెల్స్ అనే పెద్ద ఇనుప పాత్రల్లో, పెద్ద గొట్టాల్లో దూరి పని చేస్తాను. బయట నిలబడే మనిషి ఎవరో చూసుకోకుండా లోపలికి దిగను. కాబట్టి ఆ మనిషి పని గురించి లోపలివాడిగా చెబుతున్నాను.

హోల్ వాచ్ అంటే మ్యాన్‌హోల్ దగ్గర, అంటే ట్యాంకులోకి మనిషి దూరే రంధ్రం దగ్గర, ఉండేవాడు. లోపలికి వెళ్లే ప్రతి మనిషి పేరూ, వెళ్లిన సమయమూ, బయటికి వచ్చిన సమయమూ రాస్తాడు. మన గుర్తింపు కార్డు అతని బోర్డు మీద వేలాడుతుంది, బయటికి వచ్చాకే చేతికొస్తుంది. ఏ క్షణంలో ఎవరడిగినా లోపల ఎంతమంది ఉన్నారో, వాళ్లెవరో తడుముకోకుండా చెప్పగలగాలి. గ్యాస్ పరీక్ష రీడింగులు చూస్తాడు. గాలిలో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5 శాతానికి మించకూడదు. మంటపట్టే వాయువు గాలిలో కనీసం ఎంత కలిస్తే పేలుతుందో, అందులో పదో వంతుకు చేరకముందే మనుషుల్ని బయటికి రప్పించాలి. గాలి తోసే ఫ్యాన్ ఆగిందా, దాని గొట్టం మడత పడిందా అనేదీ అతనే చూసుకోవాలి. కాసేపటికోసారి లోపలికి కేకేస్తాడు, మేము బదులిస్తాం. గ్రైండర్ మోతలో మా మాట వినిపించకపోతే టార్చిలైటు ఊపుతాం.

ఇదంతా అలవాటైతే వచ్చేస్తుంది. కష్టమైనది ఇంకొకటుంది: లోపల మనిషి పడిపోతే అతను లోపలికి దూకకూడదు.

ఈ మాట చెప్పినప్పుడు మా ఊరి కుర్రవాళ్లు నమ్మలేనట్టు చూస్తారు. సాటి మనిషి పడిపోతే, అందులోనూ మన ఊరివాడు పడిపోతే, చూస్తూ ఊరుకోవాలా అని అడుగుతారు. ఊరుకోమని కాదు. అలారం కొట్టాలి, వాకీటాకీలో రక్షణ బృందాన్ని పిలవాలి, పడిపోయినవాడి నడుముకు తాడు కట్టి ఉంటే బయటి నుంచే లాగాలి, మిగతావాళ్లను బయటికి రప్పించాలి. తాను మాత్రం దిగకూడదు. అమెరికాలో పనిచోట్ల భద్రతను అధ్యయనం చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ 1986లో ఒక హెచ్చరిక పత్రం వెలువరించింది. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా, పడిపోయినవాడిని కాపాడటానికి దిగినవాళ్లేనని అందులో రాసింది. మొదటివాడిని పడగొట్టిన గాలి ఇంకా అక్కడే ఉంటుంది మరి.

ఆ గాలి కంటికి కనిపించదు. ట్యాంకుల్లో మంట పుట్టకుండా నింపే నైట్రోజన్‌కు వాసన లేదు. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే కాబట్టి ఒంటికి తేడా తెలియదు. ఆక్సిజన్ లేని నైట్రోజన్ ఒకటి రెండు గుక్కలు పీలిస్తే మనిషి కేక కూడా వేయలేక కూలబడతాడు. మేము పైపు లోపలి అతుకు నల్లబడకుండా పంపే ఆర్గాన్ గాలికంటే బరువు, పల్లపు చోట చేరి నిలుస్తుంది. చమురు కర్మాగారాల్లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. కానీ మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టడమే మానేస్తుంది. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది.

ఇది గల్ఫ్ సంగతి మాత్రమే కాదు. వాడకంలో లేని బావిలో పూడిక తీయడానికో, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికో ఒకరు దిగి పడిపోవడం, ఆ వెనకే తమ్ముడు, ఆ వెనకే పక్కింటివాడు దిగడం, మన పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ మనుషుల్ని దించకూడదని 2013లో చట్టమే వచ్చింది. అయినా పైన నిలబడి లెక్క చూసే మనిషి మన దగ్గర ఉండడు. గల్ఫ్‌లో ఈ పని నేర్చుకున్నవాడు సెలవుకు వచ్చినప్పుడు ఊళ్లో బావి దగ్గర నలుగురినీ ఆపగలడు. అదొక్కటి చాలు నాకు, ఈ పనికి గౌరవం ఇవ్వడానికి.

ఫైర్ వాచ్ పని వేరు. వెల్డింగ్, గ్యాస్ కటింగ్ జరిగేచోట నిప్పురవ్వల వెంట చూపు తిప్పడమే అతని ఉద్యోగం. చుట్టూ 11 మీటర్ల లోపు కాలే వస్తువు ఉండకూడదని నిబంధన, ఉంటే కప్పాలి. పైన ఇనుప జాలీ మీద మేము అతుకు వేస్తుంటే రవ్వలు కింది అంతస్తుల్లోకి రాలతాయి. అక్కడ ఒక చమురు గుడ్డ పడి ఉంటే చాలు. మంటలార్పే సిలిండరూ నీళ్ల గొట్టమూ చేతికి అందేలా ఉంచుకోవాలి. మేము వెల్డింగ్ టార్చి ఆపాక కూడా అతను కదలకూడదు. అమెరికా పాత నిబంధన కనీసం అరగంట ఉండమంటుంది. అక్కడి అగ్నిమాపక ప్రమాణాల సంఘం 2019లో దాన్ని గంట చేసింది. రవ్వ వెంటనే మంట కాదు, ఏ సందులోనో రాజుకుంటూ ఉండి మనుషులంతా వెళ్లాక అంటుకుంటుంది.

గొడవలన్నీ ఆ చివరి గంటలోనే. క్యాంపుకు వెళ్లే బస్సు ఇంజను స్టార్టు చేసి ఉంటుంది, వెల్డర్లు ఎక్కేస్తారు, ఫోర్‌మన్ పర్మిట్ (ఆ పనికి ఇచ్చే అనుమతి పత్రం) మీద సంతకం పెట్టి వచ్చేయమంటాడు. మధ్యలో ఇంకో బాధ. "ఖాళీగానే ఉన్నావు కదా, ఆ సిలిండర్ తీసుకురా" అని ఎవరో ఒకరు పురమాయిస్తారు. ఆ పనిలో ఉన్న మనిషికి వేరే పని చెప్పకూడదని అమెరికా యార్డుల నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది. మా పర్మిట్ల మీద కూడా రాసి ఉంటుంది. కవిటి నుంచి వచ్చిన ఒక కుర్రవాడు నన్ను అడిగాడు, "అన్నా, ఫోర్‌మన్ చెబితే కాదనడం ఎలా?" అని. "పర్మిట్ ఫోర్‌మన్ చేతికిచ్చి, 'ఇందులో నీ పేరు రాసి నా చోట నిలబడు' అను. ఆ తరవాత ఎక్కడికి పంపినా వెళ్లు" అన్నాను. గొంతు పెంచకుండా అదే మాట చెప్పాడు. ఫోర్‌మన్ ఇంకొకరిని పంపుకున్నాడు. ఆ పూట పైన జాలీ మీద నేనే ఉన్నాను, ఆ కుర్రవాడంటే నాకు అమితమైన గౌరవం.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని నిషేధం. ఎండ, తేమ, గాలి కలిపి లెక్కకట్టే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. అయినా సాయంత్రపు తేమలో నిలబడి ఉన్న మనిషికి కళ్లు తిరుగుతాయి. మేము కదులుతూ ఉంటాం, అతను కదలడు. అతనికి నీళ్లు అందించడం, వేళకు మార్పిడి మనిషిని పంపడం మా అందరి బాధ్యత. మార్పిడి మనిషి రాకుండా అతను మూత్రానికి కూడా వెళ్లకూడదు మరి.

ఇంత బాధ్యత మోపి ఇచ్చేది హెల్పర్ జీతమే. నాకు కోపం తెప్పించేది అదే. వెల్డర్‌కు పరీక్ష ఉంది, ఆ పరీక్షకు తగ్గ రేటు ఉంది. మా ప్రాణాలకు పూచీ పడే మనిషిని మాత్రం, కొత్తగా దిగినవాళ్లలోంచి, భాష అర్థంకాని వాళ్లలోంచి ఏరి, పొద్దున్న అయిదు నిమిషాలు మాట్లాడి నిలబెడతారు. పర్మిట్ ఇంగ్లిషులో ఉంటుంది. కేకలు హిందీలో, మలయాళంలో, నేపాలీలో, బెంగాలీలో వినిపిస్తాయి. మన కుర్రవాడికి ఏది పిలుపో ఏది ప్రమాద సంకేతమో తెలియాలంటే ఎన్ని రోజులు పడుతుంది?

మా మండలాల్లో వెల్డింగ్ నేర్పే కేంద్రాలున్నాయి. డబ్బు కట్టించుకుని ప్లేటు పరీక్షలకూ, ఏటవాలుగా బిగించిన పైపును అతికే ఆరు జీ పరీక్షకూ బాగానే తయారు చేస్తున్నారు. వాళ్లను నేను అడిగేది ఇది: ఆ కోర్సులోనే రెండు రోజులు హోల్ వాచ్, ఫైర్ వాచ్ పని తెలుగులో నేర్పండి. పాత డ్రమ్ములో ఒకరిని కూర్చోబెట్టి బయట ఇంకొకరి చేత పేర్లు రాయించండి, గ్యాస్ మీటరు చేతికిచ్చి అంకెలు చదివించండి, లోపలివాడు పలకకపోతే ఏం చేయాలో పదిసార్లు చేయించండి, దిగబోయినవాడిని పట్టుకుని వెనక్కి లాగండి. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు సోంపేటలో ఏ కేంద్రం పిలిచినా నేను వచ్చి రూపాయి తీసుకోకుండా నేర్పుతాను.