పుస్తకం ముందా, సినిమా ముందా: మూడు నెలల లెక్క

ఈ మూడు నెలల్లో పూర్తయినవి నాలుగు పుస్తకాలు, ఆరు సినిమాలు. రోజుకు 20 పేజీలని మొదలుపెట్టి రెండో వారానికే 12కి దిగాను. పడుకునే ముందు చదివితే మూడో పేజీకే కళ్లు మూతలు పడేవి. పొద్దున లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే చదవడం మొదలుపెట్టాక నాగాలు తగ్గాయి.

ఈసారి పెట్టుకున్న పని, ఒకే కథను ముందు చదివి తర్వాత తెర మీద చూడటం. మొదటి ప్రయత్నమే బోల్తా కొట్టింది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ పూర్తిచేసి, అదే పేరుతో 1960లో వచ్చిన సావిత్రి సినిమా పెట్టుకున్నాను. నవల నాయకుడు దయానిధి ఎప్పుడొస్తాడా అని అరగంట ఎదురుచూశాను. రాడు! అది మానసిక రోగుల ఆసుపత్రిలో నర్సు కథ, అంతకుముందు ఏడాది బెంగాలీలో వచ్చిన సినిమాకి తెలుగు రూపం. నవలకీ దానికీ పేరు తప్ప చుట్టరికమే లేదు. సావిత్రి కోసం చివరిదాకా చూశాను, అదొక లాభం. నవల మీద మాత్రం నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఒక్క ముక్కే ఉంది: ‘దయానిధి మీద జాలీ విసుగూ ఒకేసారి.’

‘పథేర్ పాంచాలి’తో పని కుదిరింది. బెంగాలీ రచయిత బిభూతిభూషణ్ 1929 నాటి నవలని మద్దిపట్ల సూరి తెలుగు అనువాదంలో చదివాను. సినిమాకి ముందు నోట్‌బుక్‌లో పేజీని నిలువునా రెండుగా గీసి, ఎడమవైపు నా ఊహలో ఉన్న దుర్గ, ఇల్లు, రైలు ఎలా ఉన్నాయో రాసుకున్నాను. సినిమా అయ్యాక అదే రాత్రి కుడివైపు నింపాను. మర్నాటికి వాయిదా వేస్తే మన ఊహ కాస్తా చెరిగిపోయి దర్శకుడి బొమ్మే మిగులుతుంది.

ఎక్కువ తేడా రైలు దగ్గరే వచ్చింది. నవలలో అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు రైలు కోసం బయల్దేరి, చూడకుండానే ఇంటికి తిరిగొస్తారు. దుర్గకి ఆ కోరిక తీరనే తీరదు. సత్యజిత్ రాయ్ సినిమాలో (1955) ఇద్దరూ రెల్లు పొదల్లోంచి పరిగెడతారు. దుర్గ పడిపోతుంది, అపు ఒక్కడే పట్టాల దాకా చేరతాడు. ఆ రెల్లు పూలకీ ఒక కథ ఉంది. ఒకరోజు షూటింగ్ చేసి మళ్లీ వెళ్లేసరికి పశువులు పూలన్నీ మేసేశాయట, మిగతా భాగం తీయడానికి మరుసటి ఏడాది పూత దాకా ఆగాల్సి వచ్చింది. తెర మీద ఆ పూలు ఎంత బాగున్నా, నాకు మాత్రం నవలలోని ఖాళీయే ఎక్కువ బాధ పెట్టింది. చూపించని రైలు ఇంకా నా తలలో కూత పెడుతూనే ఉంది.

‘కన్యాశుల్కం’ దగ్గర వరస తిరగబడింది. 1955 సినిమా చిన్నప్పుడే చూశాను కాబట్టి, నాటకం తెరవగానే గిరీశం ఎన్టీఆర్ మొహంతో దిగిపోయాడు. ఎంత తోసినా పోలేదు. పైకి చదవడం మొదలుపెడితే కొంత వదిలాడు, ఎందుకంటే ఆ మాటల ఊపిరి నాది, గొంతు నాది. గురజాడ బాగా తిరగరాసి 1909లో వేసిన ప్రతి ఏడు అంకాలు, నాకు పదకొండు రోజులు పట్టింది. పొడుగు అంకాన్ని ఒకే విడతలో చదివితే గొంతు పోతుంది, సగంలో ఆపడమే మేలు. రామప్పంతులు మాటలు చదువుతుంటే పక్క గదిలోంచి “ఎవరితో గొడవ?” అని కేక వినిపించింది.

మిగతా సినిమాలకి తలా ఒక గీత రాశాను, చెప్పుకోవాల్సినంత లేదు.

ఇప్పుడు చిక్కు ‘పథేర్ పాంచాలి’కి తరువాయి అయిన ‘అపరాజితో’తో. 1956 సినిమా కాశీలో మొదలవుతుంది, ఆ భాగం మొదటి నవల చివర్లోనే ఉంది. అక్కడి నుంచి రెండో నవలలోకి వెళ్తుంది. ముందు చదవాలన్న నా నియమం ప్రకారం సినిమాని మధ్యలో ఆపక తప్పలేదు. అపు తండ్రి హరిహర్ చనిపోయిన చోట ఆపేశాను. నవల 40వ పేజీలో ఉంది.