ఎవరొస్తున్నారో చెప్పండి, బీచ్ సంగతి తర్వాత

మే నెల దాటిందంటే మా సోఫియా ఆంటిపోలిస్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "మా అమ్మానాన్న వస్తున్నారు, ఏ బీచ్ బాగుంటుంది?" వెంటనే ఒకరు పలోమా అంటారు, ఇంకొకరు మాలా అంటారు, మరొకరు నీస్ ప్రొమెనాడ్ ఫోటో పడేసి నీలంగా రెండు హార్ట్‌లు పెడతారు. వచ్చేవాళ్ళకి మోకాళ్ళ నొప్పులున్నాయా, పిల్లలకి ఈత వచ్చా, కారుందా అని ఒక్కరూ అడగరు. ఫోటోలో ఇక్కడ అన్ని బీచ్‌లూ ఒకేలా నీలంగా ఉంటాయి. చెప్పులు విప్పి కాలు పెట్టాక తేడా తెలుస్తుంది.

ఈ ఊరు తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఫ్రాన్స్ దక్షిణాన నీస్‌కీ కాన్‌కీ మధ్య, ఆంటీబ్ ఊరికి ఎగువన పైన్ చెట్ల కొండల మీద 1969లో మొదలైన టెక్నాలజీ పార్కు ఇది. విమాన టికెట్ల సాఫ్ట్‌వేర్, టెలికాం, చిప్ డిజైన్, ఇలాంటి పనుల మీద హైదరాబాదు, బెంగళూరుల నుంచి వచ్చినవాళ్ళం చాలామందిమే ఉన్నాం. మధ్యధరా సముద్రం పక్కనే ఉద్యోగమని చెబితే ఇంటి దగ్గర అందరూ "నీకేంటమ్మా" అంటారు. నిజానికి ఆఫీసు కిటికీలోంచి కనిపించేది పార్కింగు, పైన్ చెట్లు. ఆగస్టులో ఫ్రెంచి కొలీగ్స్ మూడేసి వారాలు సెలవు పెట్టి మాయమైపోతారు, అప్పుడు ప్రొడక్షన్ సపోర్టు, ఆన్‌కాల్ అన్నీ కాంట్రాక్టు మీద వచ్చిన మన మెడకే. అందుకే మాలాంటివాళ్ళకి బీచ్ అంటే సాయంత్రం ఆరు తర్వాతి సంగతి. అదృష్టం ఏంటంటే జూన్ నెలాఖరులో తొమ్మిది దాటేదాకా పొద్దు గూకదు. ఆరింటికి లాప్‌టాప్ మూసి బస్సులో ఆంటీబ్‌కి దిగితే రెండు గంటలు నీళ్ళలో ఉండొచ్చు.

నాది వైజాగ్. ఆర్కే బీచ్ పక్కన పెరిగినా సముద్రంలో ఈత కొట్టింది లేదు. అక్కడ మునిగి పోయినవాళ్ళ కథలు వింటూ, మోకాళ్ళ లోతు దాటకుండా, కాల్చిన మొక్కజొన్న పొత్తు తింటూ పెరిగాం. ఇక్కడికొచ్చాక మొదట వింతగా అనిపించింది ఆటుపోట్లు లేకపోవడం. ఉన్నా అడుగు అటూ ఇటూ, అంతే. పొద్దున తువ్వాలు ఎక్కడ పరిచారో సాయంత్రం దాకా అక్కడే పొడిగా ఉంటుంది. నీళ్ళలో ఉప్పు కూడా ఎక్కువే. మన బంగాళాఖాతంలో గంగ, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి కలుస్తాయి, ఇక్కడ కలిసే నీటి కన్నా ఆవిరైపోయేదే ఎక్కువ. ఆ ఉప్పు వల్ల మనిషి కాస్త తేలిగ్గా తేలతాడు, ఈత నేర్చుకోవడానికి మంచి చోటు. నేను ముప్ఫై దాటాక నేర్చుకున్నది ఇక్కడే.

ఇక నీస్ సంగతి. అందరికీ అదే కావాలి, కానీ పెద్దవాళ్ళని తీసుకెళ్ళేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అక్కడ ఇసుక లేదు. వార్, పయ్యోఁ అనే నదులు ఆల్ప్స్ కొండల నుంచి దొర్లించుకొచ్చిన గుండ్రాళ్ళే బీచ్ మొత్తం. ఇప్పుడు నదుల నుంచి అంత రాయి రావట్లేదు కాబట్టి నగరపాలక సంస్థే లారీలతో తెచ్చి పోస్తుంది. ఒక్కో రాయి గుప్పెడంత, మధ్యాహ్నానికి కాలిపోతూ ఉంటుంది. బీచ్ గొడుగు గుచ్చుదామంటే దిగదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒడ్డు పక్కనే లోతు. రెండడుగులు వేస్తే నడుము, ఇంకో రెండు వేస్తే కాలు అందదు. ఈత రాని పిల్లలున్నవాళ్ళు ప్రొమెనాడ్ మీద నడిచి ఐస్‌క్రీమ్ తిని వచ్చేయడం మేలు. ఈత వచ్చినవాళ్ళకి మాత్రం ఇలాంటి నీళ్ళు దొరకవు. ఇసుక లేదు కాబట్టి బురద లేదు, మెడలోతులో నిలబడితే కాలిగోళ్ళు కనిపిస్తాయి.

మా అత్తయ్య వచ్చినప్పుడు నీస్ చూడాల్సిందేనని పట్టుబట్టింది. పారగాన్ చెప్పులతో ఆ రాళ్ళ మీద నాలుగడుగులు వేసేసరికి నా భుజం, మా ఆయన భుజం రెండూ ఆసరా కావాల్సొచ్చింది. కూర్చున్నాక మాత్రం కదల్లేదు. అల వెనక్కి పోయేటప్పుడు ఆ రాళ్ళన్నీ ఒకదానిమీద ఒకటి దొర్లి గలగలమంటాయి, అది వింటూ కాసేపు ఊరుకుంది. తర్వాత తెల్ల గీత ఉన్న బూడిదరంగు రాయి ఒకటి ఏరి, నున్నగా ఉందో లేదో బొటనవేలితో రుద్ది చూసి, చీర కొంగుతో తుడిచి, "ఏమ్మా, మిరియాలు నూరడానికి ఎంత బాగుందో చూడు, సంచిలో వెయ్యి" అంది. ఇక్కడ బీచ్ రాళ్ళు తీసుకెళ్ళకూడదత్తయ్యా, చట్టం ఒప్పుకోదు, ఫైన్ వేస్తారు అన్నాను. "గోదాట్లో ఇసక లారీలకి లారీలు పోతుంటే అడిగేవాడు లేడు, నా ఒక్క రాయికొచ్చిందా ఫైను" అంటూ విసుక్కుని కింద పెట్టింది. పక్కన పైబట్టల్లేకుండా పడుకున్న ఆడవాళ్ళ గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. అమ్మానాన్నల్ని తీసుకొస్తున్నవాళ్ళు ఈ ఒక్క సంగతీ బయల్దేరేముందే చెవిన వెయ్యండి. నాన్నలు ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటారు, పాపం.

బట్టల ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఆడవాళ్ళు నన్ను పక్కకి పిలిచి అడిగే ప్రశ్నకి ఇక్కడే జవాబు చెప్పేస్తా. లెగ్గింగ్స్, ఫుల్ చేతుల టీషర్టు వేసుకుని సముద్రంలో దిగొచ్చా? దిగొచ్చు. 2016 వేసవిలో ఈ తీరంలో చాలా మునిసిపాలిటీలు ఒళ్ళంతా కప్పే ఈత దుస్తుల్ని బీచ్‌లలో నిషేధించాయి. మా పక్కనే ఉన్న విల్‌నవ్ లూబే ఊరి ఉత్తర్వు మీద కేసు పారిస్‌లోని అత్యున్నత పాలనా న్యాయస్థానం దాకా వెళ్ళింది, ఆగస్టు 26న కోర్టు ఆ నిషేధాన్ని నిలిపేసింది. నేను టీషర్టుతోనే దిగుతాను, ఇన్నాళ్ళలో ఎవరూ ఏమీ అనలేదు. మునిసిపల్ ఈతకొలను సంగతి వేరే, అక్కడ ఒంటికి అతుక్కునే కాస్ట్యూమ్, తలకి టోపీ లేకపోతే లోపలికి రానివ్వరు. మగవాళ్ళ వదులు నిక్కర్లు కూడా పనికిరావు. మా ఆయన వెనక్కి తిరిగొచ్చాడొకసారి.

చిన్నపిల్లలుంటే పెద్దగా ఆలోచించకుండా జువాన్ లే పాన్‌కి వెళ్ళండి. ఆంటీబ్ నుంచి రైల్లో తర్వాతి స్టేషనే. మెత్తటి ఇసుక, చాలా దూరం దాకా నడుముల్లోతు, ఒకవైపు కాప్ దాంటీబ్ కొండ, ఎదురుగా లేరిన్స్ దీవులు అడ్డం ఉండటంతో అలలు కూడా తక్కువ. చూడగానే కుర్చీలు, గొడుగులు వరసగా వేసి ఉంటాయి కాబట్టి అంతా ప్రైవేటేమో అనుకుని మనవాళ్ళు వెనక్కొచ్చేస్తారు. అలా ఏమీ లేదు. ఇక్కడి చట్టం ప్రకారం తీరం జనానిది. సహజంగా ఏర్పడిన బీచ్ పొడవులో 80 శాతం, కృత్రిమంగా చేసిన దాంట్లో అయితే సగం ఖాళీగా ఉంచాలి, ప్రైవేటు కుర్చీల ముందు నీటి అంచున నడిచే దారి కూడా వదలాలి. కుర్చీ కావాలంటే రోజుకి పాతిక, ముప్ఫై యూరోలు, పేరున్నచోట ఇంకా చాలా ఎక్కువ. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ నీళ్ళలో వేసుకునే రబ్బరు బూట్లు వస్తాయి. నా మాట విని ముందు ఆ బూట్లు కొనండి. రాళ్ళకే కాదు, కొండ అంచుల్లో ఒళ్ళంతా ముళ్ళుండే సీ అర్చిన్లు ఉంటాయి, వాటి ముల్లు అరికాల్లో విరిగిందంటే పిన్నీసుతో తియ్యడం ఒక పూట పని.

నేను ఆఫీసు నుంచి దిగేది మాత్రం ఆంటీబ్‌లో సాలీస్ బీచ్‌కి. ఇసుక ఉంది, పాత ఊరి కోట గోడ కనిపిస్తుంది, ఎవరూ దేనికీ డబ్బు అడగరు. చలికాలంలో అక్కడ గోధుమరంగు ఆకులు గుట్టలుగా పడుంటే చెత్త ఎత్తరా అని కొత్తవాళ్ళు మునిసిపాలిటీని తిడతారు. అది పొసిడోనియా, సముద్రం అడుగున పెరిగే గడ్డి. చాలా చేపలు గుడ్లు పెట్టేది, వాటి పిల్లలు పెరిగేది ఆ గడ్డిలో. ఒడ్డున పడిన ఆకులు చలికాలపు అలలకి ఇసుక కొట్టుకుపోకుండా ఆపుతాయి కాబట్టి కావాలనే వదిలేస్తారు. ఇదే సాలీస్ మీదికి 1979 అక్టోబరు 16న సునామీ వచ్చింది. నీస్ విమానాశ్రయాన్ని ఆనుకుని కడుతున్న రేవు సముద్రంలోకి జారిపోతే లేచిన అల అది, ప్రాణాలు కూడా పోయాయి. 2004 డిసెంబరు గుర్తున్న కోస్తావాళ్ళెవరికైనా ఈ మాట చెబితే ఒక్క క్షణం నీళ్ళ వైపు తిరిగి చూస్తారు.

నీస్‌కి తూర్పున దారి మారిపోతుంది, కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. కారు తీయకండి, పార్కింగు వెతుక్కుంటూ సగం రోజు పోతుంది. రైలు నీళ్ళ అంచునే వెళ్తుంది, సమ్మె ఉందేమో మాత్రం ముందురోజు చూసుకోవాలి. విల్‌ఫ్రాంష్‌లో దిగితే స్టేషను కిందే మారినియేర్ బీచ్, ముతక ఇసుక, సాయంత్రం దాకా ఎండ. కాప్ ఫెరాలో పలోమా, కాప్ దాయ్‌లో మాలా రెండూ ఫోటోల్లో ఎంత బాగుంటాయో నిజంగానూ అంత బాగుంటాయి, అయితే మాలాకి దిగాలంటే బోలెడన్ని మెట్లు, దిగినవన్నీ మళ్ళీ ఎక్కాలి. పిల్లల బండి, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు దాన్ని మర్చిపోవచ్చు. ఈ రెండు చోట్లా మధ్యాహ్నం తర్వాత కొండ నీడ పడిపోతుంది, ఫ్రెంచి వాళ్ళు అప్పుడే తువ్వాళ్ళు దులుపుకుని వెళ్ళిపోతారు. ఎండకి పారిపోయే మనకి అదే మంచి టైము, చోటు కూడా దొరుకుతుంది. మొనాకోలో లార్వోట్టో 2021లో కొత్తగా తయారైంది, ఇటాలియన్ ఆర్కిటెక్టు రెంజో పియానో డిజైన్. కోటీశ్వరుల ఊరైనా బీచ్‌కి టికెట్ లేదు. శుభ్రంగా ఉంటుంది, నాకెందుకో పెద్దగా ఎక్కలేదు.

ఇంకా తూర్పుకి పోతే మాంటన్, అది దాటితే ఇటలీ. మాంటన్‌లో సాబ్లెత్ బీచ్, వెనక పసుపు, నారింజ రంగు పాత ఇళ్ళు, పెద్దవాళ్ళు కూర్చోడానికి చెట్ల నీడ, అన్నీ ఉన్నాయి. అక్కడిదాకా వచ్చాం కదా అని వెంటిమిలియా శుక్రవారం సంతకి కూడా వెళ్ళొస్తారు చాలామంది. వెళ్ళండి, కానీ రెసిడెన్స్ కార్డు, వచ్చిన చుట్టాల పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి. ఫ్రాన్స్, ఇటలీ రెండూ మామూలుగా సరిహద్దు తనిఖీలుండని షెంజెన్ దేశాలే అయినా 2015 నుంచి ఫ్రెంచి పోలీసులు తిరుగు రైళ్ళని మాంటన్ గారవాన్‌లో ఆపి చూస్తున్నారు. పెట్టె మొత్తం మీద ఎవరి ముందు ఆగుతారో చెప్పక్కర్లేదనుకుంటా. బీచ్‌కే కదా అని పాస్‌పోర్టు ఇంట్లో వదిలేసి, తడి బట్టలతో ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఫోన్‌లో వీసా ఫోటో వెతుక్కుంటున్న కుటుంబాన్ని చూశాను. పెద్దాయన ముఖంలో ఆ టెన్షన్ చూస్తే బాధేసింది.

జెల్లీఫిష్ గురించి అడుగుతారు. ఉంటాయి, గాలి ఎటు వీస్తే అటు కొట్టుకొస్తాయి, పొద్దున లేనివి సాయంత్రానికి రావచ్చు. ఎక్కడ కనిపించాయో జనమే గుర్తులు పెట్టే మ్యాప్‌లున్నాయి, బయల్దేరేముందు ఒకసారి చూడండి. ఊదారంగు జెండా ఎగిరితే నీళ్ళు బాగోలేవనో, ఇలాంటివి ఉన్నాయనో అర్థం. కుడితే మంచినీళ్ళు పోయొద్దు, మంట పెరుగుతుంది. సముద్రపు నీళ్ళతోనే కడగాలి.

అన్నిటికన్నా నేను ఎక్కువమందిని పంపేది, నిజానికి బీచ్ అనడానికి కూడా లేని చోటికి. కాన్ రేవు నుంచి పడవలో పావుగంట వెళ్తే సేంత్ మార్గరీత్ దీవి. కార్లు లేవు. దీవంతా పైన్, యూకలిప్టస్ చెట్లే, ఆ నీలగిరి తైలం వాసనకే మనవాళ్ళు సగం ఇంటికొచ్చినట్టయిపోతారు. ఒడ్డున చిన్న చిన్న రాళ్ళ మలుపులు, ఎవరికి నచ్చిన మలుపులో వాళ్ళు దిగొచ్చు. ముఖం ఎవరికీ తెలియకుండా, 'ఇనప ముసుగు మనిషి'గా పేరుపడ్డ ఖైదీని పదకొండేళ్ళు బంధించిన జైలు గది అక్కడి కోటలో ఉంది, 1687 నుంచి 1698 దాకా. చరిత్ర అంటే ఇష్టమున్న నాన్నలు అక్కడ గంట గడిపేస్తారు. దక్షిణపు ఒడ్డున 2021లో సముద్రం అడుగున పెద్ద పెద్ద ముఖాల విగ్రహాలు ఆరు దించారు, ఈత కళ్ళద్దాలు పెట్టుకుని పైన తేలుతూ చూడొచ్చు.

అక్కడ తిండి కొనేచోట్లు తక్కువ, ఖరీదు ఎక్కువ, కాబట్టి మనం పులిహోర, దద్దోజనం, ఆవకాయ పట్టుకెళ్తాం. అడవి కాబట్టి పొయ్యి, బార్బెక్యూ లాంటివి కుదరవు, అన్నీ వండి తీసుకెళ్ళాల్సిందే. కొన్నేళ్ళుగా మా వాళ్ళు కొందరు కార్తీక వనభోజనాలు కూడా అక్కడే పెడుతున్నారు. ఉసిరి చెట్టు దొరకదు, ఒకావిడ ఇండియా నుంచి తెచ్చిన ఎండు ఉసిరికాయలు విస్తట్లో పెట్టి ఆ లోటు తీర్చింది. అక్టోబరు చివర్లో కూడా నీళ్ళు దిగలేనంత చల్లగా ఉండవు, జనం ఉండరు, ఆఫీసులో కూడా అందరూ సెలవుల నుంచి తిరిగొచ్చేసి ఉంటారు కాబట్టి ఫోను మోగదు. అయితే చలికాలపు టైంటేబుల్లో పడవలు తగ్గిపోతాయి. ఆఖరి పడవ ఎన్నింటికో రేవులో దిగగానే చూసుకుని, గిన్నెలు కడగడం ఇంటికెళ్ళాక పెట్టుకోండి.