సీసాలో మూడు చీటీలు

బూజు అంటే దులిపేసేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. పరాయి దేశంలో ఒక మ్యూజియంలో ఉద్యోగం దొరికాక, ఆ బూజు అల్లే సాలీళ్లకు చీటీలు రాయడమే నా పనైంది. ఆల్కహాల్ నింపిన చిన్న సీసా, అందులో సాలీడు, పక్కనే పెన్సిల్‌తో రాసిన చీటీ.

మొదటి నెలలోనే తప్పు చేశాను. అమెరికా నుంచి వచ్చిన ఒక సీసా కాగితంలో ‘హౌస్ స్పైడర్’ అని ఉంటే, తీసుకెళ్లి బ్రిటన్ హౌస్ స్పైడర్ల అరలో పెట్టేశాను. రెండింటికీ పిలుపు ఒకటే గానీ కుటుంబాలు వేరు. బ్రిటన్‌ది గరాటులాంటి గూడు కట్టే అజెలెనిడే, అమెరికాది థెరిడియిడే. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాడు మా పైఅధికారి ఆ సాలీడును మైక్రోస్కోప్ కింద పెట్టి, “నాలుగో జత కాళ్లు చూడండి” అంది. కాలి చివర రంపపు పళ్లున్న వెంట్రుకలు వరుసగా, అచ్చం దువ్వెన! పురుగు తగలగానే ఆ కాళ్లతోనే జిగురుదారం లాగి దాని మీదికి విసురుతుందట. గూడు చిందరవందరగా కనిపిస్తుంది గానీ, కిందికి దిగే పోగుల చివర జిగురు బొట్లుంటాయి. నడిచి వెళ్లే చీమ తగిలితే పోగు ఊడి, చీమను పైకి ఎగరేస్తుంది. 1833లో సుండెవాల్ అనే శాస్త్రవేత్త ఈ థెరిడియిడే కుటుంబానికి పేరు పెట్టాడు. ఇందులో ఇప్పుడు 2,500కు పైగా జాతులున్నాయి. బ్లాక్ విడో అనే విషపు సాలీడు కూడా ఇందులోదే.

నాకు బాగా దగ్గరైనవి మాత్రం వీటి శాస్త్రీయ పేర్లు. ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు పేరు ముందు, జాతి తర్వాత. మన ఇంటిపేరు, పేరు లాగే. ఇక్కడ నా బ్యాడ్జి మీద ఆ రెండూ తారుమారయ్యాయి, అందుకే సాలీళ్ల చీటీలు చూస్తే ప్రాణం లేచొచ్చేది.

ఆ అమెరికన్ హౌస్ స్పైడర్‌కు 1841లో కోచ్ అనే శాస్త్రవేత్త ‘టెపిడారియోరం’ అని పేరు పెట్టాడు. మొక్కలు పెంచే వెచ్చని గాజు ఇళ్లది అని అర్థం. అప్పట్లో దాని ఇంటిపేరు థెరిడియం. తర్వాత అకేయరేనియా అయింది. 2006లో సారిస్టో అనే మరో శాస్త్రవేత్త, సీషెల్స్ దీవుల సాలీళ్ల గురించి రాస్తూ దీన్ని పారాస్టియటోడా అనే ప్రజాతిలో చేర్చాడు. ఇల్లు మారింది కాబట్టి కోచ్ పేరునూ 1841నూ బ్రాకెట్లలో రాస్తాం. టెపిడారియోరం మాత్రం అలాగే ఉంది.

పేరు మారిందని పాత చీటీ పారేయం. మొన్న మూడోది రాసి, పట్టకారుతో సీసాలోకి దించాను. ముందున్న రెండూ కాస్త పక్కకు జరిగాయి.