రోజంతా తెలియకుండా మింగేది

పొద్దున లేచి ముఖం కడుక్కునే లోపే చాలామంది గొంతు సవరించుకుంటారు. నిద్రలో దగ్గు దాదాపు రాదు. శ్వాసనాళాల్లోంచి శ్లేష్మం (అదే కఫం) పైకి వచ్చే వేగం కూడా తగ్గుతుంది. రాత్రి నిలిచిపోయిన శ్లేష్మం లేవగానే కదలడం మొదలుపెడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఒకటి రెండుసార్లు ఖంగుమంటే సరిపోతుంది. ఏళ్ల తరబడి పొగతాగినవాళ్లకు పావుగంట దగ్గితే గానీ తెమలదు.

కఫాన్ని వదిలించుకోవాల్సిన మలినంగానే అందరూ చూస్తారు. అది లేకుంటే ఊపిరితిత్తులు ఎక్కువకాలం నిలవవు. పెద్దవాళ్లు రోజుకు సుమారు 20,000 సార్లు ఊపిరి తీస్తారు, దాదాపు 10,000 లీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. దుమ్ము, పొగ, పుప్పొడి, బూజు బీజాలు, వైరస్‌లు, బ్యాక్టీరియా అన్నీ ఆ గాలితోనే వెళ్తాయి. శ్వాసనాళాల నుంచి రోజుకు కొన్ని పదుల మిల్లీలీటర్ల శ్లేష్మం గొంతు దాకా వచ్చి, మనకు తెలియకుండానే అన్నవాహికలోకి జారిపోతుంది. దాంతోపాటు వచ్చిన సూక్ష్మజీవుల్లో చాలావాటిని కడుపులోని ఆమ్లం చంపేస్తుంది. కాబట్టి కఫం మింగితే ప్రమాదమేమో అన్న భయం అక్కర్లేదు. రోజంతా చేస్తున్నది అదే.

ఇల్లు ఊడ్చే వేళ. కిటికీలోంచి పడే ఎండలో తేలుతూ కనిపించే దుమ్ము చూసి భయపడతాం గానీ, ఆ కంటికి కనిపించేవి పెద్ద రేణువులు. 10 మైక్రోమీటర్లు (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) దాటినవి చాలావరకు ముక్కులోనే ఆగిపోతాయి. అంతకన్నా చిన్నవి శ్వాసనాళాలు చీలే మలుపుల దగ్గర గోడకు తగిలి శ్లేష్మంలో చిక్కుకుంటాయి. కంటికి కనిపించని 1 నుంచి 3 మైక్రోమీటర్ల రేణువులు మాత్రం గాలిగదుల దాకా దిగగలవు. అక్కడ శ్లేష్మమూ ఉండదు, దాన్ని తోసే సన్నని వెంట్రుకల్లాంటి శైలికలూ (సిలియా) ఉండవు. శుభ్రం చేసే పని రేణువుల్ని మింగేసే మాక్రోఫేజ్ కణాలది, అది నెమ్మదిగా సాగుతుంది. పొడి చీపురుతో దుమ్ము లేపడం కన్నా తడిగుడ్డతో తుడవడం నయమనేది ఇందుకే. ముక్కుతో ఊపిరి తీయమని చెప్పేదీ ఇందుకే. నోటితో పీలిస్తే మొదటి జల్లెడ తప్పిపోతుంది.

శ్వాసనాళాల లోపలి గోడ మీద రెండు పొరలున్నాయి. అడుగున శైలికలు కదలడానికి వీలుగా సుమారు 7 మైక్రోమీటర్ల మందాన పలచని పొర, దాని పైన జిగట శ్లేష్మం. ఒక్కో కణానికి దాదాపు 200 శైలికలు, ఒక్కోటి సెకనుకు 10 నుంచి 20 సార్లు కొట్టుకుంటుంది. అన్నీ ఒకేసారి కాదు. గాలికి పైరు అలలు అలలుగా వంగినట్టు వరసగా వంగుతాయి, శ్లేష్మం పై దిక్కుకే జరుగుతుంది. గొంతు కింద ఉండే పెద్ద గొట్టం, అంటే వాయునాళంలో దాని నడక నిమిషానికి సుమారు 5 మిల్లీమీటర్లు. వాయునాళం పొడవు 10–12 సెంటీమీటర్లు కాబట్టి ఆ ఒక్క దూరానికే ఇరవై నిమిషాలు దాటుతుంది. లోపలి సన్నని నాళాల్లో నడక ఇంకా నెమ్మది, అక్కడ పడిన రేణువు బయటపడటానికి గంటలు పడుతుంది.

అడుగుపొర ఉత్త నీరేనని చాలాకాలం అనుకున్నారు. శైలికలకూ కణాల ఉపరితలానికీ అతుక్కుని ఉండే మక్ 1, మక్ 4, మక్ 16 అనే మ్యూసిన్లు (చక్కెర గొలుసులున్న పెద్ద ప్రొటీన్లు) అక్కడ ఒత్తుగా నిండి ఉన్నాయని 2012లో వచ్చిన పరిశోధన చూపించింది. అవి శ్లేష్మాన్ని శైలికల మధ్యకు దిగనివ్వవు, సూక్ష్మజీవుల్ని కణాల దాకా రానివ్వవు. ఇక్కడ నీటి లెక్క కీలకం. మంచి శ్లేష్మంలో నీరు 97 శాతం దాకా ఉంటుంది, మిగిలిన కొద్దిపాటిలో లవణాలు, ప్రొటీన్లు, కొవ్వులు. జిగటనిచ్చే మ్యూసిన్ 1 శాతం కూడా ఉండదు. ఘనపదార్థం 2–3 శాతం నుంచి 7–8 శాతానికి పెరిగితే పై పొర కిందికి నొక్కుతుంది, శైలికలు ఒంగిపోతాయి, నడక ఆగుతుంది. ఎంత కఫం ఊరుతోందన్నది రెండో ప్రశ్న. కదులుతోందా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

మ్యూసిన్ తయారీ తీరు నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. శ్లేష్మం ఊరించే గాబ్లెట్ కణాల్లో, గోడ లోపలి గ్రంథుల్లో అది కాల్షియంతో గట్టిగా ముడుచుకుని చిన్న సంచుల్లో ఉంటుంది. బయటికి రాగానే బైకార్బొనేట్ ఆ కాల్షియాన్ని లాగేస్తుంది, మ్యూసిన్ నీరు పీల్చుకుని కొన్ని వందల రెట్లు ఉబ్బుతుంది. బైకార్బొనేట్ చాలకపోతే సరిగా విచ్చుకోదు, ముద్దగా గోడకే అంటుకుని ఉండిపోతుంది. పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధి సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో జరిగేది ఇదే. 1989లో గుర్తించిన సీఎఫ్‌టీఆర్ జన్యువు క్లోరైడ్, బైకార్బొనేట్ బయటికి వెళ్లే దారిని తయారు చేస్తుంది. ఆ దారి మూసుకుపోతే అటు నీరూ తగ్గుతుంది, ఇటు మ్యూసిన్ విచ్చుకోవడమూ తగ్గుతుంది.

పదకొండు గంటలకు ఏసీ గదిలో గొంతు ఆరిపోతోందని ఎవరో ఒకరు అంటారు. మామూలు గది గాలిలో లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి చేరేసరికి అది 37 డిగ్రీల వేడితో 44 మిల్లీగ్రాములు కావాలి. ఆ తేడా అంతా ముక్కు, పై శ్వాసనాళాలు భరిస్తాయి. ముక్కు దిబ్బడ వేసి నోటితో ఊపిరి తీసేవాళ్లకు ఆ భారం కిందికి జారుతుంది, కఫం చిక్కబడుతుంది. ఊపిరి కోసం మెడలో గొట్టం పెట్టినవాళ్లకు ముక్కు ప్రమేయమే ఉండదు, అందుకే వాళ్లకిచ్చే గాలిని వేడిచేసి తడిపి ఇవ్వకపోతే గొట్టంలోనే కఫం ఎండి అడ్డుపడుతుంది. మరి లీటర్లకొద్దీ నీళ్లు తాగితే కఫం పలచబడుతుందా? ఒంట్లో నీరు తక్కువైనవాళ్లకు తప్పకుండా ఉపయోగం. మామూలుగా ఉన్నవాళ్లు ఇంకో రెండు లీటర్లు తాగితే అవి మూత్రంలో పోతాయి. శ్వాసనాళపు గోడ మీద ఎంత నీరుండాలో అక్కడి కణాల్లో ఉప్పును అటూ ఇటూ దాటించే మార్గాలు తేలుస్తాయి, కడుపు కాదు.

పట్టుకుని బయటికి తోయడంతో శ్లేష్మం పని అయిపోదు. చంపే సామగ్రి కూడా దానిలోనే ఉంది. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ముక్కు స్రావంలో బ్యాక్టీరియాను కరిగించే పదార్థం చూసి లైసోజైమ్ అని పేరుపెట్టాడు. పెన్సిలిన్ అప్పటికింకా రాలేదు. లైసోజైమ్ బ్యాక్టీరియా గోడను కోస్తుంది. లాక్టోఫెర్రిన్ ఇనుమును పట్టేసి వాటిని ఆకలితో మాడుస్తుంది. ఐజీఏ యాంటీబాడీలు వాటిని గుంపుగా కట్టేస్తాయి. ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) వైరస్ కణానికి అంటుకోవాలంటే ఆ కణం మీద సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ఉండాలి. మ్యూసిన్ గొలుసుల నిండా అదే ఉంటుంది, కాబట్టి వైరస్ ముందు అక్కడే తగులుకుంటుంది. తప్పించుకోవడానికి అది న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్‌తో ఆ ముడి తెంపుకుంటుంది. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ మందు ఆపేది సరిగ్గా ఆ ఎంజైమ్‌నే.

ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) సంగతి దీనికన్నా సూక్ష్మం. ఇన్‌ఫెక్షన్ వచ్చాకే ఇన్‌ఫ్లమేషన్ వస్తుందనుకుంటాం. శ్వాసనాళపు గోడ మీద సోడియం పీల్చివేత ఎక్కువయ్యేలా చేసిన ఎలుకల్లో శ్లేష్మం ఎండి నిలిచిపోయింది. సూక్ష్మజీవులు లేకుండా పెంచినా వాటి ఊపిరితిత్తుల్లో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు చేరాయి. ముద్దగా నిలిచిన శ్లేష్మం కింద కణాలకు ఆక్సిజన్ అందక కొన్ని చచ్చిపోతాయి, చచ్చేటప్పుడు ఐఎల్-1 అనే సంకేతం వదులుతాయి, దాన్ని పట్టుకుని న్యూట్రోఫిల్స్ పరుగెత్తుకొస్తాయి. అవి ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ విడుస్తాయి. అది బ్యాక్టీరియాతోపాటు మన కణజాలాన్నీ తినేస్తుంది, పైగా గాబ్లెట్ కణాల చేత ఇంకా మ్యూసిన్ కక్కిస్తుంది. కఫం వల్ల ఇన్‌ఫ్లమేషన్, దానివల్ల మళ్లీ కఫం. మామూలు రోజుల్లో ఎస్‌ఎల్‌పీఐ, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్లు ఎలాస్టేజ్‌ను అదుపులో పెడతాయి. న్యూట్రోఫిల్స్ గుంపులుగా వస్తే అవి చాలవు.

మ్యూసిన్లలోనూ అన్నీ ఒకటి కాదు. మక్ 5బి లేకుండా పుట్టించిన ఎలుకల్లో శ్లేష్మం పైకి కదలలేదు, బ్యాక్టీరియా చేరింది, ఇన్‌ఫ్లమేషన్ ఎప్పటికీ తగ్గలేదు. మక్ 5ఏసీ లేని ఎలుకల్లో కదలిక దెబ్బతినలేదు. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. అయితే మక్ 5బి ఎంత ఎక్కువుంటే అంత మంచిదనీ కాదు. దాన్ని ఎక్కువగా తయారుచేయించే జన్యు మార్పు ఉన్నవాళ్లలో ఊపిరితిత్తులు గట్టిపడే పల్మనరీ ఫైబ్రోసిస్ ముప్పు ఎక్కువని 2011లోనే తేలింది. ఆస్తమాలో ఐఎల్-13 అనే సంకేతం ప్రభావంతో పెరిగేది ప్రధానంగా మక్ 5ఏసీ. అది గోడ నుంచి సులువుగా ఊడిరాదు, సన్నని నాళాల్లో బిరడాలుగా బిగుసుకుంటుంది. నాళాల్ని విప్పే ఇన్‌హేలర్ పీల్చినా కొందరికి ఆయాసం పూర్తిగా దిగకపోవడానికి ఆ బిరడాలు ఒక కారణం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పచ్చ కఫం ప్రస్తావన వస్తుంది, వెంటనే ఎవరో యాంటీబయాటిక్ పేరు చెప్తారు. ఆ పచ్చదనం న్యూట్రోఫిల్స్‌లోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ది. న్యూట్రోఫిల్స్ వచ్చాయనే అది చెప్తుంది, ఎందుకొచ్చాయో చెప్పదు. మామూలు వైరస్ జలుబులోనూ మూడో నాలుగో రోజుకు చీమిడి పచ్చబడుతుంది. ఎప్పటినుంచో సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై తగ్గకుండా ఉండిపోయే జబ్బు) ఉన్నవాళ్ల విషయం వేరు. కఫం రంగు మారడంతోపాటు పరిమాణమూ ఆయాసమూ పెరిగితే డాక్టరు యాంటీబయాటిక్ ఆలోచిస్తారు.

జలుబు పోయినా దగ్గు వారాలు ఎందుకు సాగుతుందని కూడా అడుగుతుంటారు. ఇన్‌ఫ్లుయెంజా శైలికలున్న కణాలనే నాశనం చేస్తుంది. అవి తిరిగి మొలిచి సరైన దిక్కున కొట్టుకోవడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా కఫాన్ని పైకి తెచ్చే దారి దగ్గు ఒక్కటే. ఫ్లూ తగ్గుతున్నట్టే ఉండి మళ్లీ జ్వరం, ఆయాసం వస్తే తేలిగ్గా తీసుకోకూడదు, ఖాళీ అయిన గోడ మీద న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా చేరే సమయం అదే. తడి దగ్గును మందుతో అణచడం నాకు నచ్చని పని. మత్తు తెప్పించే పాత రకం యాంటీహిస్టమిన్లు స్రావాన్ని ఆరబెట్టి కఫాన్ని ఇంకా జిగటగా చేస్తాయి.

శైలికలు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఈఎన్‌టీ వైద్యుల దగ్గర చవకైన పరీక్ష ఒకటుంది. ముక్కు లోపలి కింది ఎముక మొన నుంచి సెంటీమీటరు వెనక తియ్యగా ఉండే చిన్న శాకరిన్ పలుకు పెడతారు. నిటారుగా కూర్చోవాలి, ముక్కు ఎగబీల్చకూడదు, చీదకూడదు, ఏమీ తాగకూడదు. గొంతులో తీపి తగిలే దాకా లెక్కపెడతారు. పది పదిహేను నిమిషాల్లో తగలడం మామూలు, అరగంట దాటితే ఇంకా వెతకాలి. మొన ముందు భాగంలో పెడితే అక్కడి శ్లేష్మం ముందుకే వస్తుంది, తీపి ఎంతకీ తెలియదు. పరీక్ష తప్పుగా రావడానికి ఇదొక కారణం.

సాయంత్రం దుమ్ములో తిరిగొచ్చాక ముక్కు కడుక్కునేవాళ్లకు కొలత: లీటరు నీటికి 9 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు. నీరు మరిగించి చల్లార్చినదై ఉండాలి. నేరుగా పంపు నీరు వాడితే నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరే అవకాశం అరుదుగానైనా ఉంది, సోకితే బతకడం చాలా కష్టం. ఉప్పు లేని నీరు చురుక్కుమంటుంది. సీసా రోజూ కడిగి ఆరబెట్టాలి. ఆవిరి పట్టడం హాయినిస్తుంది గానీ లోపలి శ్వాసనాళాల దాకా అది చేసేది తక్కువ, మరుగునీటి గిన్నె ఒలికి పిల్లలు కాలిన కేసులు మాత్రం చాలా.

మందుల్లో ఒకటి పనిచేసినచోట ఇంకోటి పనిచేయదు. ఎన్-అసిటైల్‌సిస్టీన్ మ్యూసిన్ గొలుసుల మధ్య సల్ఫర్ ముడుల్ని తెంపుతుంది. డోర్నేజ్ ఆల్ఫా చనిపోయిన న్యూట్రోఫిల్స్ వదిలిన డీఎన్‌ఏను కోస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో మేలు చేసిన ఈ మందు వేరే కారణాల వల్ల వచ్చిన బ్రాంకియెక్టాసిస్‌లో (శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పయ్యే జబ్బు) కీడు చేసింది. 7 శాతం ఉప్పు ద్రావణాన్ని నెబులైజర్‌లో 4 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు రెండుసార్లు ఇవ్వడం సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో వాడుక. ముందు నాళాల్ని విప్పే సాల్బ్యుటమాల్ ఇవ్వకపోతే నాళాలు బిగుసుకుపోవచ్చు, మొదటి డోసు వైద్యుల ఎదుటే ఇస్తారు.

కఫం ఎక్కువగా ఊరేవాళ్లు పడుకునే ముందు చేయాల్సింది హఫింగ్, ఊరికే దగ్గడం కాదు. నిటారుగా కూర్చుని మూడు నాలుగుసార్లు నెమ్మదిగా ఊపిరి తీసి వదలాలి. తర్వాత మామూలు కన్నా కొంచెం ఎక్కువ గాలి తీసుకుని రెండు మూడు సెకన్లు ఆపి, నోరు గుండ్రంగా తెరిచి, గొంతు మూయకుండా ‘హా’ అంటూ పొట్ట కండరాలతో బయటికి నెట్టాలి. లోతున ఉన్న కఫం కదలాలంటే తక్కువ గాలితో పొడవుగా, పైకొచ్చాక ఎక్కువ గాలితో పొట్టిగా. ఒకటి రెండు హఫ్‌ల తర్వాత మళ్లీ నెమ్మది శ్వాస. బలం మితిమీరితే సన్నని నాళాలు మూసుకుపోయి పిల్లికూతలు వస్తాయి, కఫం ఉన్నచోటే ఉండిపోతుంది. పిల్లికూత వినిపిస్తే తర్వాతి హఫ్ బలం తగ్గించాలి. కఫంలో రక్తం కనిపిస్తే హఫింగ్ ఆపేసి డాక్టరుకు చూపించాలి.