పదకొండు మిల్లీమీటర్లు

ఇవాళ రోజంతా ఒక్క కారుకే సరిపోయింది.

పైకి చూస్తే దానికేమీ కాలేదు. ఎప్పుడో ముందు ఎడమవైపు గుద్దుకుంటే బంపరు, హెడ్‌లైటు మార్పించి పెయింటు కొట్టించారట. అప్పట్నుంచీ స్టీరింగు కుడికి లాగుతోంది. రెండుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించినా మళ్లీ అదే గోల. ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది.

బానెట్ పక్క సందులు చూశాను. ఎడమవైపు గోరు దూరడం లేదు, కుడివైపు వేలు పడుతోంది. ఇక అలైన్‌మెంట్ మాట వదిలేసి ట్రామ్ గేజ్ తీశాను, రెండు చోట్ల మధ్య దూరం కొలిచే పొడవాటి కడ్డీ అది. ఇంజను గదిలో మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానంగా ఉండాలి. 11 మి.మీ. తేడా వచ్చింది. 3 దాటితేనే మేం ఊరుకోం. ముందు భాగం మొత్తం కుడికి జరిగిందన్నమాట.

కింద పడుకుని రైలు మీద, అంటే కారు ముందు భాగాన్ని మోసే పొడవాటి ఇనుప దూలం మీద, చెయ్యి పెట్టి తడిమాను. అతుకు మీద పూసిన సీలర్ పగిలి, పెయింటు పొలుసులుగా లేచింది. వంగింది అక్కడే. నయం, మడత పడలేదు. మడత పడి ఉంటే ఆ ముక్క కోసి కొత్తది వెయ్యాల్సిందే. రైలు మీద కంపెనీవాళ్లే పెట్టిన గుంటలు కొన్ని ఉంటాయి, గుద్దుకున్నప్పుడు అక్కడ ముందు నలగాలని. వాటిని సొట్టలనుకుని సరిచేయబోయేవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు నేనూ అంతే.

మధ్యాహ్నం కారును బెంచి మీద, అంటే వంగిన బాడీని లాగి సరిచేసే ఇనుప చట్రం మీద, బిగించి గొలుసు వేశాం. దెబ్బ ఎటు నుంచి వచ్చిందో అటే లాగాలి. కొంచెం లాగడం, ఆపడం, చుట్టూ సుత్తితో తట్టడం, గొలుసు వదిలి కొలవడం. వదలగానే ఇనుము కాస్త వెనక్కి పోతుంది కాబట్టి ప్రతిసారీ ఒక పిసరు ఎక్కువే లాగాలి. ఎంత పిసరో ఏ పుస్తకంలోనూ ఉండదు.

మూడోసారికే మా కుర్రాడికి విసుగొచ్చింది. "అన్నా, గ్యాస్‌తో కాస్త వేడి చేస్తే ఇట్టే వచ్చేస్తుంది కదా?" వస్తుంది. ఇప్పటి కార్లలో వాడే గట్టి స్టీలు వేడెక్కితే ఆ గట్టిదనం పోతుంది. చూడ్డానికి మాత్రం ఏ తేడా తెలియదు. అదే నాకు టెన్షన్. వాడికి అదంతా చెబుతూనే, బిగిసిన గొలుసుకు ఎదురుగా నిలబడ్డాడని చెయ్యి పట్టి పక్కకు లాగాను. గొలుసును కారుకు పట్టి ఉంచే ఆ క్లాంపు ఊడితే తప్పుకునే టైముండదు.

సాయంత్రం కారాయన వచ్చి, "మరి అలైన్‌మెంట్ దగ్గర ఎవరూ చెప్పలేదేంటండీ?" అన్నారు. అక్కడ తిప్పేది చక్రాలనండీ, చక్రాలు బిగించిన చోటే జరిగితే వాళ్ల స్పానర్‌కు అందదు అన్నాను. నిజానికి ఎంత తిప్పినా కొలత కుదరనప్పుడు వాళ్లకు అనుమానం రావాలి. అది పైకి అనలేదు.

షట్టరు వేసేసరికి తేడా 2 మి.మీ.కి వచ్చింది. గొలుసు వదిలే వెళ్తున్నాం. రేపు పొద్దున మళ్లీ కొలిచాకే ఆయనకు ఫోన్ చేస్తాను.