జీడి రసం తిన్న వేళ్లు

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర.

ఇవాళ చేసినవి ముప్పై పరీక్షలు కూడా లేవు, అయినా ఒళ్లు హూనమైంది. ల్యాబ్‌కి రక్తం పరీక్షించే కొత్త మెషీన్, ఎనలైజర్, వచ్చి నెల కాలేదు. కొత్త అల్లుడికి చేసినట్టు మర్యాదలన్నీ చెయ్యాలి దానికి. స్టెబిలైజరు కావాలి, దుమ్ము పడకూడదు, లోపల 37 డిగ్రీలు వచ్చేదాకా ఎవరూ కదిలించకూడదు. మా కరెంటుకి మాత్రం ఈ మర్యాదలేవీ తెలీవు.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాట అక్షరం ముక్క రానివాళ్లకీ తెలుసు. కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది అదే. ఆటోలో పక్కవాణ్ణి "ఎంతుంది?" అని అడిగితే అది జీడిగింజల ధర గురించి కాదు. 1990ల నుంచీ ఉన్న కిడ్నీ జబ్బే ఇది. నీళ్లన్నారు, ఎండలో పనన్నారు, నొప్పి బిళ్లలన్నారు, ఏదీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, మంచిదే. ఊళ్లోవాళ్ల రక్తం మొదట తీసేది మాత్రం ఇంకా మేమే.

పొద్దున్న ఒక మామ్మ వచ్చింది. జీడిపప్పు బట్టీలో పని. సగం రోజు కూలీ పోగొట్టుకుని వచ్చింది. ముందు ట్యాబ్‌లో ఆభా నంబరు, అంటే ఆధార్‌తో చేసే ఆరోగ్య ఖాతా నంబరు, చెయ్యాలి. అది లేకపోయినా పరీక్ష చెయ్యొచ్చని నాకూ తెలుసు, కానీ మీటింగులో అడిగేది ఎన్ని ఆభాలు చేశావనే. వేలిముద్ర పెట్టమన్నాను. పడలేదు. ఇంకో వేలు, ఇంకో చెయ్యి. అప్పుడు చూశాను ఆ వేళ్లు. జీడిగింజ పెంకుల రసం తినేసి, చివర్లు నల్లగా, తోలు ఊడి నున్నగా ఉన్నాయి. గీత అనేదే లేదు.

"ఏటి బాబూ, నాను నాను కాదంటందా అది?" అంది.

సరే, ఓటీపీ. ఆధార్‌కి ఉన్న నంబరు కొడుకుది. హైదరాబాద్‌లో మేస్త్రీ పని. మూడుసార్లు చేశాం, ఎత్తలేదు. స్లాబు వేస్తున్నాడేమో. పది నిమిషాలు దాటితే ఆ ఓటీపీ చెల్లదు కూడా. చివరికి పాత రిజిస్టరులోనే పేరు రాసుకుని రక్తం తీశాను.

పిక్రిక్ యాసిడ్ ద్రావణం పసుపుగా ఉంటుంది. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, కలిపితే మెల్లగా నారింజ రంగుకి తిరుగుతుంది. ఎంత క్రియాటినిన్ ఉంటే అంత చిక్కని రంగు. ఆ రంగు తిరుగుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ వచ్చే వారం వస్తుందని మూడు వారాలుగా అంటున్నారు. కరెంటు వచ్చాక మళ్లీ 37 డిగ్రీలు, మళ్లీ కంట్రోల్ (మెషీన్ సరిగ్గా చెప్తోందో లేదో చూసే, విలువ ముందే తెలిసిన శాంపిల్), మళ్లీ మొదటి నుంచి. ట్యూబులో సీరం మిగిలింది కాబట్టి మామ్మకి ఇంకో సూది తప్పింది.

2.6 వచ్చింది. మూడు నెలల క్రితం పాత మెషీన్‌లో 2.1. కంట్రోల్ సరిగ్గానే ఉంది, అయినా మనసు ఒప్పుకోలేదు. ఈ తేడాలో కిడ్నీ వాటా ఎంత, మెషీన్ మార్పు వాటా ఎంత? పాతది తీసేసే ముందు ఒక పది శాంపిల్స్ రెండిట్లోనూ నడిపి చూసుంటే తెలిసేది. ఆ తీరికెక్కడిది, కొత్తది దించిన వ్యాన్‌లోనే పాతదాన్ని ఎక్కించేశారు. డాక్టరుగారికి ఉన్న సంగతి చెప్పాను. రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు, నొప్పి బిళ్లలు మానెయ్యమన్నారు. అంటే ఇంకో సగం రోజు కూలీ.

చీటీ మీద అంకె రాసిస్తే నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

రాత్రి ఏడింటికి ఫోను. "అన్నా, పొద్దున్న ఓటీపీ వచ్చింది, ఇప్పుడే చూసినాను, సెప్పమంటావా?" అంటున్నాడు కొడుకు. ఇప్పుడది పనికిరాదన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల కాంక్రీట్ మిక్సర్ తిరుగుతున్న చప్పుడు.

"మాయమ్మకి ఎంతొచ్చిందన్నా?"