బండి ఖాళీగా ఎంత దూరం తిరుగుతది?

వరంగల్ ఆటోనగర్‌లో నా కొట్లో లారీ బరువు మోసే కమాన్ పట్టీలూ (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప స్ప్రింగు పట్టీలు) అమ్ముతాను, వాటి బదులు వాడే ఎయిర్ బెలూన్లూ (గాలి నింపిన రబ్బరు తిత్తులు) అమ్ముతాను. కాబట్టి గాలా కమానా అనే ఈ పంచాయితీలో నాకు పక్షం లేదు, ఏది పాడైనా నాకు గిరాకీయే. కొత్త బండి బుక్ చేసే ముందు ఎవరో ఒకరు కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి "అన్నా, గాలిది మంచిదా, కమాన్‌ది మంచిదా" అని అడుగుతూనే ఉంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: నీ బండి ఖాళీగా ఎంత దూరం తిరుగుతది?

లోడు సంగతి అడగకుండా ఖాళీ సంగతి అడుగుతాడేంది అని మొహం చిట్లిస్తారు. కానీ తేడా అంతా అక్కడే ఉంది.

పది టైర్ల బండి వెనక జంట యాక్సిళ్ల (ఇరుసుల) మీద రూల్ ప్రకారం ఇప్పుడు 21 టన్నుల దాకా వేయొచ్చు, 2018 జూలైలో పెంచక ముందు 19 ఉండేది. అంత బరువుకు వంగి నిలబడాలి కాబట్టి కమాన్ కట్టను ఆ గట్టితనంతోనే తయారు చేస్తారు. సరుకు దించేశాక అదే కట్ట మీద ఉత్త చాసిసూ (బండి చట్రం) బాడీయే మిగులుతాయి. ఆ కొద్ది బరువుకు పట్టీలు వంగనే వంగవు. ఇక గుంత తగిలితే దెబ్బ స్ప్రింగులో ఆగదు, నేరుగా చాసిస్‌కు, అక్కడి నుంచి క్యాబిన్‌కు, డ్రైవర్ నడుముకు పోతుంది. భూపాలపల్లి వైపు బొగ్గు టిప్పర్లు చూడండి, నిండుగా పోయేటప్పుడు ఏనుగు లాగా మెత్తగా ఊగుతూ పోతాయి, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు డాల (సరుకు పోసే తొట్టి) వెనక తలుపు గొలుసుల మోత ఊరవతలి నుంచే వినిపిస్తుంది. నా దగ్గర టెయిల్ ల్యాంప్ బ్రాకెట్లు, మడ్‌గార్డ్ బోల్టులు ఎక్కువ కొనేది వాళ్లే. అవి విరిగేది లోడు మీద కాదు, ఖాళీ ట్రిప్పుల్లోనే.

గాలి సస్పెన్షన్‌లో ఆ గట్టితనం బరువును బట్టి మారుతుంది. చాసిస్ కింద లెవెలింగ్ వాల్వ్ అని చిన్నది ఒకటి ఉంటుంది, దాని నుంచి యాక్సిల్‌కు ఒక సన్న కడ్డీ. బరువు పడి చాసిస్ కిందికి దిగితే కడ్డీ వాల్వ్‌ను ఒకవైపు తిప్పి బెలూన్‌లోకి గాలి పంపిస్తుంది, బరువు తీసేస్తే ఇంకోవైపు తిరిగి గాలి వదిలేస్తుంది. ఎత్తు ఎప్పుడూ ఒకటే, లోపలి ప్రెషర్ మాత్రం లోడును బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ప్రెషర్ తగ్గితే స్ప్రింగు మెత్తబడుతుంది కాబట్టి ఖాళీ బండి కూడా దాదాపు నిండు బండి లాగానే, సెకనుకు ఒకటిన్నర సార్లు ప్రాంతంలో నిదానంగా ఊగుతుంది. కమాన్ బండి ఖాళీగా ఉంటే దానికి రెట్టింపు వేగంతో దడదడలాడుతుంది.

ఇంతవరకు వినేసరికి, కొత్త టిప్పర్ కొనాలని చూస్తున్న మా చిన్నాన్న కొడుకు "అయితే గాలిదే తీసుకుందాం, మన టిప్పర్లు సగం కిలోమీటర్లు ఖాళీగానే తిరుగుతయి కదా" అన్నాడు. లెక్క ప్రకారం సరైన మాటే. కానీ వాడి బండి తిరిగేది హైవే మీద కాదు, గని లోపలి రోడ్ల మీద, బొగ్గు పొడి మడమల లోతు ఉండే చోట. పైగా అది టిప్పర్. డాల లేపినప్పుడు బరువంతా వెనక్కి జరుగుతుంది, నేల ఒకవైపు మెత్తగా ఉంటే బండి అటు ఒరుగుతుంది. బెలూన్లకు ఒరుగుడును ఆపే బలం సొంతంగా తక్కువ, అందుకే చాలా గాలి టిప్పర్లలో డాల లేపేముందు బెలూన్ల గాలి వదిలేసే ఏర్పాటు పెడతారు. డ్రైవర్ తొందరలో దాన్ని మరిచిపోయాడా, ఇక చెప్పక్కర్లేదు. గని పనికి కమాన్ బండే తీసుకోమన్నాను.

కమాన్‌కు ఇంకో గొప్ప గుణం ఉంది, అది ఒక్కటే మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, యాక్సిల్‌ను దాని చోట పట్టి ఉంచుతుంది, పట్టీకి పట్టీకి రాపిడి వల్ల ఊగుడును కొంత ఆపుతుంది కూడా. గాలి బెలూన్ మొదటి పని ఒక్కటే చేస్తుంది. యాక్సిల్ అటూ ఇటూ పోకుండా ట్రెయిలింగ్ ఆర్మ్‌లో రాడ్లో కావాలి, ఊగుడు ఆపడానికి షాక్ అబ్జార్బర్ కావాలి, అది లేకపోతే బండి ఊగుతూనే ఉంటుంది. అంటే బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) ఎక్కువ, వాల్వ్‌లు ఎక్కువ, పైపులు ఎక్కువ.

మా వరుసలోనే ఒక కమాన్ మిస్త్రీ ఉన్నాడు. కుంగిపోయిన పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, వంపు కొట్టి, నూనెలో ముంచి తీస్తాడు. మెయిన్ పట్టీ (చాసిస్‌కు తగిలించే అన్నిటికన్నా పొడుగు పట్టీ) చివర చుట్టిన కంటి దగ్గర సన్నగా నెర్రె ఉంటే వేలితో తడిమి చెప్తాడు. ఆయన మాట ఇది: "ఇనుము ఇరిగితే ఇరిగిందని కనబడ్తది. గాలి ఎక్కడ పోతుందో ఎవనికి ఎర్క?" ఆయన వ్యాపారం ఆయనది కాబట్టి అలాగే అంటాడు, కానీ అర్ధరాత్రి ఏటూరునాగారం అడవిలో బండి ఆగిన డ్రైవర్‌ను అడిగితే ఆయన కూడా ఇదే అంటాడు. పట్టీ విరిగితే జాకీ ఎత్తి, యాక్సిల్‌కూ చాసిస్‌కూ మధ్య చెక్క దిమ్మె పెట్టి, గొలుసు కట్టి మెల్లగా ఊరు చేరొచ్చు. మెయిన్ పట్టీ విరిగితే మాత్రం అలా కక్కుర్తి పడొద్దు. యాక్సిల్ పక్కకు జరిగి బండి ఒక దిక్కు చూస్తూ ఇంకో దిక్కు పోతుంది, దాన్ని అక్కడే ఆపాలి.

పారబోలిక్ అనే కొత్త రకం కమాన్ గురించి కూడా ఒక మాట. పాత కట్టలో పదీ పన్నెండు పట్టీలుంటే దీంట్లో మూడో నాలుగో ఉంటాయి, మధ్యలో మందంగా, చివర్లకు సన్నగా. రాపిడి తక్కువ, బరువు తక్కువ, ఖాళీ బండి కొంచెం మర్యాదగా నడుస్తుంది. గాలికి డబ్బు పెట్టలేనివాళ్లకు ఇది మంచి దారి. కానీ కొందరు ఓవర్‌లోడ్ కోసం దీనికి కూడా ఎక్స్‌ట్రా పట్టీ వేయమని అడుగుతారు. పట్టీలు ఒకదానికొకటి తగలకుండా ఉండడమే దాని సుఖం, మధ్యలో ఇంకోటి దూర్చితే ఏం మిగిలినట్టు? నేను వద్దంటే పక్క కొట్టుకు పోతారు, పోనీ.

ఓవర్‌లోడ్ అంటే గుర్తొచ్చింది, గాలి బండికి ఎవరూ పొగడని మంచి గుణం ఒకటుంది. బెలూన్ ప్రెషర్ చూపించే గేజ్ పెట్టుకుంటే యాక్సిల్ మీద బరువెంతో కాంటా దాకా పోకుండానే తెలుస్తుంది. ఒకసారి నిండు బండితో వేబ్రిడ్జి ఎక్కి రీడింగ్ రాసి పెట్టుకుంటే చాలు. కరీంనగర్ నుంచి కాకినాడ పోర్టుకు గ్రానైట్ దిమ్మెలు తోలే ఒకాయనకు ఇది చెప్తే నవ్వి, తెలుసుకుంటే టెన్షన్ కదన్నా అన్నాడు. రాయి ఒక ఘనపు మీటరుకే రెండున్నర టన్నులు దాటుతుంది, రెండు దిమ్మెలు కొంచెం పెద్దవి పడితే లెక్క ఎక్కడికో పోతుంది. ఆయన ఇప్పటికీ కమాన్ ఎంత చదునైందో కంటితో చూసి లోడు అంచనా కడతాడు.

రోడ్డు సంగతి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. యాక్సిల్ బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం పదహారు రెట్ల దాకా పోతుందని 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ప్రత్యేకంగా రోడ్లు వేసి, లారీలు తిప్పి మరీ తేల్చారు. ఎగిరి పడే చక్రం పడ్డ చోట ఆ క్షణానికి బరువు పెరిగినట్టే కదా. అందుకే యూరప్‌లో మూడు యాక్సిళ్ల లారీకి మామూలుగా 25 టన్నులిస్తే, డ్రైవ్ యాక్సిల్‌కు (ఇంజిన్ తిప్పే ఇరుసుకు) జంట టైర్లతో పాటు గాలి సస్పెన్షన్ గానీ దానికి సమానమైనది గానీ ఉంటే 26 ఇస్తారు. సమానం అంటే కూడా లెక్క ఉంది: బండి సెకనుకు రెండుసార్లకు మించి ఊగకూడదు, ఆ ఊగుడు తొందరగా ఆగాలి, అందులో సగానికి పైగా పని షాక్ అబ్జార్బరే చేయాలి. ఆ చివరి ముక్క మనవాళ్లు గోడ మీద రాసుకోవాలి. గాలి బండి ఓనర్లు బెలూన్ పగిలితే పరుగెత్తుకొస్తారు, షాక్ అబ్జార్బర్ నూనె కారి నెలలైనా పట్టించుకోరు. షాక్ పోయిన గాలి బండి కమాన్ బండి కంటే అధ్వాన్నం.

ఇంతకీ గాలిది ఎవరికి? హైదరాబాద్ వైపు కంటెయినర్లు, టీవీలు ఫ్రిజ్‌లు, అద్దాలు, పాల ట్యాంకర్లు తోలేవాళ్లకు, దూరం ఎక్కువ, రోడ్డు మంచిది, తిరుగు లోడు దొరకక ఖాళీగా వచ్చేవాళ్లకు. గోదాము ప్లాట్‌ఫారం ఎత్తుకు బండిని దించుకోవచ్చు, లేపుకోవచ్చు, అది అదనపు సుఖం. ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి బస్తాలు తోలేవాళ్లకు అక్కర్లేదు, బస్తా ఎగిరినా ఏం కాదు.

"అబ్బో, బెలూన్లంటే మాకు కొత్త" అనేవాళ్లకు ఒక మాట: మీ పన్నెండు టైర్ల బండికి లిఫ్ట్ యాక్సిల్ (ఖాళీగా ఉన్నప్పుడు పైకి ఎత్తే ఇరుసు) ఉంటే దాన్ని ఎత్తేదీ దించేదీ చాలావాటిలో బెలూన్లే. వాటినైనా సరిగా చూసుకుంటున్నారా?

సెకండ్ హ్యాండ్ గాలి ట్రెయిలర్ చూడ్డానికి పోతే పొద్దున్నే పోండి, ఓనర్ ఇంజిన్ స్టార్ట్ చేయకముందే. రాత్రంతా నిలబడ్డ బండి ఒకవైపు కుంగి ఉంటే ఆ వైపు లీకు. తర్వాత గాలి నింపించి, సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి బెలూన్ మడతల మీద, పైపు జాయింట్ల మీద తుడవండి, బుడగలు అవే చెప్తాయి. బెలూన్ కింది మడతలో ఇసుక, చిన్న రాళ్లు ఇరుక్కుని రబ్బరు గీసుకుపోయి లోపలి దారాలు కనిపిస్తుంటే అది ఖర్చు కింద రాసుకోవాల్సిందే. లెవెలింగ్ వాల్వ్ కడ్డీ వంగి ఉందా, తీగతో కట్టి ఉందా చూడండి. తీగ కట్టి ఉంటే మిగతా బండి ఎలా చూసుకున్నాడో అర్థమైపోతుంది. ఎయిర్ డ్రయ్యర్ (గాలిలో తేమ తీసేది) ఫిల్టర్ ఎప్పుడు మార్చాడో అడగండి. గాలి ట్యాంకు కింద డ్రెయిన్ లాగితే నీళ్లు జుర్రుమని వచ్చాయంటే వాల్వులన్నీ లోపల తుప్పు పట్టినట్టే, బ్రేకులవి కూడా, ఎందుకంటే గాలి అంతా వచ్చేది ఒకే కంప్రెసర్ నుంచి.

మా చిన్నాన్న కొడుకు చివరికి పారబోలిక్ టిప్పర్ బుక్ చేశాడు. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి కాబట్టి ఏసీ ఎలాగూ వస్తుంది. నేను వాడితో పట్టుబట్టి పెట్టించింది డ్రైవర్ సీటు కింద గాలి సస్పెన్షన్. చాసిస్ కింద పెట్టే ఖర్చుతో పోలిస్తే అది ఏ మూలకూ రాదు. "డ్రైవర్‌కు అంత సోకెందుకురా అన్నా" అన్నాడు. నువ్వే ఒకసారి చెల్పూరు నుంచి గని దాకా ఖాళీ బండి తోలుకొని రా, తర్వాత మాట్లాడదాం అన్నాను.